భుజం మీద అరగంట

2, ఆదివారం

నా కొడుకు పాలు కక్కడానికి నా కోపమే కారణమని నిన్నా ఇవాళా కలిపి ముగ్గురు తీర్మానించారు. ఆ ముగ్గురిలో వాడిని అరగంట భుజాన మోసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒకటి: మా లైన్ సూపర్‌వైజర్. తల్లి చిరాగ్గా ఉంటే పిల్లాడు చిరాగ్గా ఉంటాడట. ఎక్కడో చదివాడట.

రెండు: అత్తయ్య. కోపిష్టి తల్లి పాలు బిడ్డ కడుపులో నిలవవు అన్నారు. ఎవరు చెప్పారని అడిగాను. అందరూ చెప్పేదే అన్నారు.

మూడు: మా ఆయన. ఏమీ అనలేదు. వాళ్ళమ్మ అన్నదానికి తల ఊపాడు. అనడం కంటే అది ఎక్కువ.

డాక్టరమ్మ చెప్పింది వేరు. వాడికి నాలుగో నెల. కడుపు పైన మూత లాంటి కండరం ఒకటి ఉంటుందట, అది వాడికి ఇంకా బిగుసుకోలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఎలాస్టిక్ వదులు. తాగిన పాలు పుల్లటి నీళ్ళతో కలిసి పైకొస్తాయి, గొంతు మండుతుంది, ఏడుస్తాడు. కూర్చునే వయసు వచ్చేసరికి చాలామందికి అదే తగ్గుతుందట. అప్పటిదాకా చేయాల్సినవి:

కొంచెం కొంచెం, ఎక్కువసార్లు పట్టాలి.
మధ్యలో తేన్పు తెప్పించాలి.
తాగాక అరగంట నిటారుగా ఎత్తుకోవాలి.
పడుకోబెడితే వెల్లకిలా, చదునైన పక్క మీద. తలగడ వద్దు.

పదహారో తారీఖున మళ్ళీ బరువు చూస్తానంది. పెరిగితే మందు అక్కర్లేదు. కోపం గురించి ఒక్క ముక్క కూడా అనలేదు.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. పదహారు దాకా కోపం మానేస్తున్నాను. మంచిదాన్ని అయిపోదామని కాదు. నా కోపం తప్పు కాదని తేల్చడానికి. నేను నవ్వుతూ ఉన్నా వాడు కక్కితే ముగ్గురూ నాకు జవాబు చెప్పాలి.

ఇది రాస్తుంటేనే కోపంగా ఉంది. అందుకే రేపటి నుంచి.

3, సోమవారం

మొదటి రోజు. బ్రహ్మాండం!

ఆరున్నర. బస్సులో ఒకడు నా కాలు తొక్కాడు. వాడి మొహం చూసి నవ్వాను. వాడు భయపడి రెండు సీట్లు వెనక్కి జరిగాడు.

ఎనిమిది. ఫ్యాక్టరీ. మేం చొక్కాలు కుడతాం. ఒక్కొక్కరం ఒక్క ముక్క. ఎవరు ఏ ముక్క కుడితే లైన్లో అదే పేరు. నేను కాలర్. నా పక్క మెషిన్ కఫ్ అక్క. ముందు జేబు, వెనక గుండీలు. సూపర్‌వైజర్ ఏమీ కుట్టడు. మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతుంది కాబట్టి వాడి పేరు స్టాప్‌వాచ్. నేను ఒక నిమిషం లేస్తే నా ముందు కట్టలు పేరుకుంటాయి, నా వెనకవాళ్ళు ఖాళీగా కూర్చుంటారు. అందుకని లేవడం అంటే అందరికీ తెలిసే నేరం.

పదిన్నర. పాల విరామం. కింద పిల్లల గది. రూలు ప్రకారం పావుగంట. వెళ్ళడానికి, రావడానికి మెట్లకే కొంత పోతుంది. వాడు తాగడానికి పది నిమిషాలు. ఇక భుజం మీద అరగంట ఎక్కడి నుంచి తేవాలో రూలులో రాయలేదు.

ఆయమ్మ చేతికిచ్చి వచ్చాను. ఆ గదిలో ఆమెకి తొమ్మిది మంది పిల్లలు, రెండు భుజాలు. పడుకోబెట్టింది. కక్కాడు.

పైకి రాగానే స్టాప్‌వాచ్ బటన్ నొక్కాడు. "పదహారు నిమిషాలు" అన్నాడు.

"అలాగే సార్" అన్నాను.

కఫ్ అక్క మెషిన్ ఆపి నా నుదురు పట్టుకుని చూసింది. "ఏం కాలరూ, ఒంట్లో బాలేదా? పొద్దున్నుంచి ఎవర్నీ తిట్టలేదు."

ఇంటికొచ్చాక అత్తయ్యతో ఎంతో నెమ్మదిగా మాట్లాడాను. ఆవిడ తలుపు దగ్గరగా కూర్చున్నారు.

4, మంగళవారం

కోపం లేదు. రెండు సార్లు వచ్చింది, మింగేశాను. వాడు నాలుగు సార్లు కక్కాడు.

ఇంట్లో కక్కే హక్కు ప్రస్తుతానికి ఒక్కడికే ఉంది.

6, గురువారం

నాలుగో రోజు. కష్టం కాదు. ఎవరైనా చేయొచ్చు. ఈ మాట మొన్న రాసి ఉంటే నిజమయ్యేది.

అత్తయ్య పరీక్ష పెడుతున్నారని నా అనుమానం. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తారు. రోజంతా దుప్పట్లు ఉతికి వచ్చి, మా ఇంట్లో దండెం మీద ఆరేసిన పిల్లాడి గుడ్డలు చూసి, "ఆసుపత్రి మొత్తం కలిపినా ఇన్ని రావు" అన్నారు. తర్వాత నా మొహం చూశారు. నేను మడతలు పెడుతూ ఉండిపోయాను. గుడ్డలు చాలా గట్టిగా మడత పడ్డాయి. విప్పడానికి మా ఆయన కష్టపడ్డాడు.

సాయంత్రం వాడు నా భుజం మీద అరగంట ఉన్నాడు. బొట్టు కూడా కక్కలేదు. ఇంట్లో నేనుంటే అరగంట దొరుకుతుంది. ఫ్యాక్టరీలో దొరకదు. సీసా పట్టడు, కాబట్టి ఇంట్లో వదలలేను. వదిలినా ఎవరి దగ్గర? అత్తయ్య లాండ్రీకి, మా ఆయన డెలివరీ వ్యానుకి.

9, ఆదివారం

మా ఆయనకి సెలవు. భుజం డ్యూటీ ఆయనకి అప్పగించాను. ఎలాగో చూపించాను: మెడ కింద చెయ్యి, గడ్డం భుజం మీద, నడుం వంచకూడదు.

మొదటి ఐదు నిమిషాలు బాగా నిలబడ్డాడు. తర్వాత గోడకి ఆనుకున్నాడు. తర్వాత కుర్చీ. కుర్చీలో కాస్త కాస్త జారాడు. పిల్లాడు ఒళ్ళో సగానికి మడతపడి, గుడ్డల కట్టలా అయిపోయాడు. కక్కాడు.

"అరగంట అయిందిగా" అన్నాడు మా ఆయన.

పదకొండు నిమిషాలు.

నేను ఏమీ అనలేదు. మనసులో అన్నాను. మనసులో అనుకున్నది లెక్కలోకి రాదు. ఈ విషయం మొదటి రోజే రాసుకుని ఉండాల్సింది.

11, మంగళవారం

నిర్ణయానికి కొన్ని వివరణలు. కింద ఉన్నవాటి మీద కోప్పడితే కోపం కిందకి రాదు:

మెషిన్. (మనిషి కాదు.)
మాటిమాటికీ తెగే దారం.
బస్సు. డ్రైవరు కాదు, బస్సు.
మా ఆయన నిద్రపోతున్నప్పుడు మా ఆయన. (వినడు.)
ఫోన్లో అవతలివాళ్ళు పెట్టేశాక అవతలివాళ్ళు.

ఈ లెక్కన నేను ఇప్పటికీ ఒక్కసారి కూడా తప్పలేదు.

కఫ్ అక్క ఈ రోజు నేను దారం బాబిన్ల పెట్టె విసిరిన చప్పుడు విని, "అది కూడా వివరణలో ఉందా?" అని అడిగింది. ఆమెకి చెప్పి తప్పు చేశాను. పెట్టెని కూడా చేర్చాను.

12, బుధవారం

స్టాప్‌వాచ్ పిల్లల గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. నేను పాలు ఇచ్చి వాడిని భుజాన వేసుకుని ఉన్నాను. వచ్చినవాడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

గది వాసన వస్తోందని మిగతా తల్లులు ఫిర్యాదు చేస్తున్నారని చెప్పాడు. ఏ తల్లి అని అడిగాను. పేర్లు చెప్పడం బాగోదన్నాడు. ఆయమ్మ నేల వంక చూస్తూ, తన దగ్గరికైతే ఎవరూ రాలేదని అంది. ఆ మాట స్టాప్‌వాచ్‌కి వినపడలేదు.

"ఇలా రోజూ కక్కే పిల్లల్ని ఇక్కడ పెట్టుకోలేమమ్మా" అన్నాడు. "పదిహేడు నుంచి ఇంటి దగ్గరే ఉంచుకో. వాడికీ మంచిది."

పదిహేడు వచ్చే సోమవారం. వాడు ఇంటి దగ్గరుంటే నేనూ ఇంటి దగ్గరే. నేను ఇంటి దగ్గరుంటే మంగళవారం పొద్దున కాలర్ మెషిన్ మీద ఇంకొకతె కూర్చుంటుంది, మధ్యాహ్నానికి ఆమె పేరు కాలర్ అవుతుంది. ఈ మెషిన్ నాకు ఎవరూ నేర్పలేదు. భోజనాల గంటలో తుక్కు గుడ్డల మీద కుట్టీ కుట్టీ నేర్చుకున్నాను.

కోప్పడలేదు. పళ్ళు బిగబట్టాను. ఇప్పుడు దవడ నొప్పి.

పిల్లాడికేమో మింగినది నిలవదు, నేనేమో మింగినది కక్కకూడదు. ఒకే కొంపలో ఇద్దరం.

13, గురువారం

ఉపాయం దొరికింది! భోజనం మానేసి ఒక జోలె కుట్టాను.

లైనింగ్ గుడ్డ తుక్కు, రెండు పొరలు. భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుముకి ఒకటి. బరువు పడే చోట నాలుగు వరసల కుట్టు. వాడు నా గుండెకి ఆనుకుని నిటారుగా ఉంటాడు, నా చేతులు ఖాళీగా ఉంటాయి. పాలిస్తాను, కట్టుకుంటాను, పైకొచ్చి కాలర్లు కుడతాను. భుజం మీద అరగంటా అవుతుంది, టార్గెట్టూ అవుతుంది. రూలుకి కోపం రాదు, వాడికి కక్కు రాదు.

ఇంత సులువైనది రెండు వారాలుగా ఎందుకు తట్టలేదు? కోపంలో బుర్ర పని చేయదంటారు. మానేశాను కాబట్టే పని చేసింది. అత్తయ్య చెప్పిందాంట్లో కొంత నిజం ఉందేమో. ఈ వాక్యం ఎవరికీ చూపించను.

14, శుక్రవారం

పదిన్నర. పాలిచ్చాను, కట్టుకున్నాను, పైకొచ్చాను. స్టాప్‌వాచ్ అవతలి లైన్లో ఉన్నాడు.

కుట్టడం మొదలుపెట్టాను. మెషిన్ చప్పుడుకి వాడు కళ్ళు మూశాడు. జేబు వెనక్కి తిరిగి చూసి నవ్వింది. గుండీలు బొటనవేలు ఎత్తి చూపించింది. పన్నెండు కాలర్లు అయ్యాయి. నాకంటే తెలివైనది ఈ ఫ్లోర్ మీద లేదనుకున్నాను.

ముందుకు వంగి కుడతాం కదా. వంగితే వాడి కడుపు నొక్కుకుంటుందని తట్టలేదు. కక్కాడు. నా మీద కాదు. ఎదురుగా ఉన్న తెల్ల కాలర్ల కట్ట మీద.

కాలర్లు తుడవబోయాను. కఫ్ అక్క లేచి వచ్చింది. కాలర్ల వంక చూడలేదు.

"కాలరూ, వాడి చెయ్యి చూడు" అంది.

వాడి చెయ్యి పట్టీలోంచి బయటికి వచ్చి ఉంది. వేళ్ళు చాపి ఉన్నాయి. సూదికి జానెడు దూరం. నా కాలు ఇంకా పెడల్ మీదే ఉంది.

కాలు తీశాను.

ఈ రోజు ఇంకేమీ రాయను.

15, శనివారం

పొద్దున్నే ఆ పట్టీలన్నీ విప్పేశాను. నాలుగు వరసల కుట్టు. విప్పడానికి చాలాసేపు పట్టింది. బాగా కుట్టాను.

పదిన్నర విరామంలో పాలిచ్చి, వాడిని భుజాన వేసుకున్నాను. ఇంతలో పైనుంచి పిలుపు. ఆయమ్మ రెండు భుజాల మీదా ఇద్దరున్నారు. వాడిని అలాగే ఎత్తుకుని వెళ్ళాను.

ఫ్లోర్ చివర స్టాప్‌వాచ్ బల్ల. బల్ల మీద నిన్నటి కాలర్లు పరిచి ఉన్నాయి. నేను వెళ్ళగానే అలవాటు కొద్దీ బటన్ నొక్కాడు.

"ఏమిటిది?" అన్నాడు.

పాలు అన్నాను.

తెల్ల గుడ్డ అని, ఎగుమతి సరుకని, మరక పోదని చాలాసేపు చెప్పాడు. ఒక్కో కాలర్ ఎత్తి చూపించాడు. నేను ఎదురుచూశాను. సూది మాట వస్తుందని. పిల్లాడిని మెషిన్ దగ్గరికి ఎలా తెచ్చావని నన్ను నిలబెట్టి తిడతాడని. ఆ తిట్టు పడటానికి నేను సిద్ధపడే వచ్చాను. అది నాకు రావాల్సిందే.

రాలేదు. కాలర్లు అయిపోయాక మళ్ళీ మొదటి కాలర్ ఎత్తాడు.

అక్కడితో నా నిర్ణయం అయిపోయింది.

"సార్, ఇవి ఉతికితే పోతాయి" అన్నాను. "వాడి వేళ్ళు నిన్న సూదికి జానెడు దూరంలో ఉన్నాయి. అది మీరు అడగలేదు. తప్పు నాదే, మెషిన్ దగ్గరికి తేకూడదు. కానీ ఎందుకు తెచ్చానో కూడా మీరు అడగలేదు."

అడిగాడు. చెప్పాను. మెల్లగా చెప్పలేదు. పావుగంట రూలు, మెట్లు, పది నిమిషాల పాలు, తొమ్మిది మంది పిల్లలకి ఒక్క ఆయమ్మ, ఫిర్యాదు చేసిన తల్లుల్లో ఒక్కరైనా నిజంగా ఉన్నారా అన్నది. వాడు ఏదో అనబోయాడు. పదిహేడు మాట ఎత్తాను. ఇంకేదో అనబోయాడు. నేను మింగిన రెండు వారాలదీ బయటికి వచ్చింది. బాబిన్ పెట్టె విషయం కూడా చెప్పేసినట్టున్నాను. ఒక్కొక్క మెషినే ఆగింది.

చివరికి వాడికి ఒక మాట దొరికింది. "చూశావా, ఈ కోపమేనమ్మా నేను చెప్పేది. తల్లి ఇలా అరుస్తుంటే పిల్లాడు కక్కక ఏం చేస్తాడు?"

అప్పుడు కఫ్ అక్క తన మెషిన్ దగ్గర్నుంచి లేవకుండానే అంది. "ఎక్కడ కక్కాడు సార్?"

అందరూ పిల్లాడిని చూశారు. నేనూ చూశాను. నా భుజం పొడిగా ఉంది. అంత గొడవలో వాడు మధ్యలో ఒకసారి పెద్దవాళ్ళలా తేన్చాడు, అది నాకు గుర్తుంది. తర్వాత నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, నా చెవి పక్కన.

"మీ గడియారం చూడండి సార్. ఎంతైంది?" అంది అక్క.

స్టాప్‌వాచ్ చూశాడు. ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండలేడు. "ముప్పై నాలుగు" అన్నాడు.

అన్నాక, తను అన్నది తనకే వినపడింది.

ఎవరూ నవ్వలేదు. జేబు మాత్రం తల వంచి దారం వెతుక్కుంది.

ఇన్నాళ్ళలో ఫ్యాక్టరీలో పిల్లాడికి దొరికిన మొదటి అరగంట ఇది. తిట్టడానికి నిలబడితేనే దొరికింది.

ఏదైనా ఉంటే రాసివ్వమన్నాడు స్టాప్‌వాచ్. మేనేజర్‌కి పంపుతాడట. పదిహేడు మాట మళ్ళీ ఎత్తలేదు, అలా అని వెనక్కీ తీసుకోలేదు.

పదమూడో రోజు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే గెలిచేదాన్ని. ఆగనందుకు బాధ లేదు. నిన్నటి చెయ్యి కళ్ళ ముందునుంచి ఇంకా పోలేదు.

16, ఆదివారం

పది గంటలు. డాక్టరమ్మ. అత్తయ్య, మా ఆయన, నేను. వాళ్ళిద్దరినీ కావాలనే తీసుకెళ్ళాను. స్టాప్‌వాచ్‌ని కూడా తీసుకెళ్ళాలని ఉంది, కుదరలేదు.

బరువు పెరిగింది. బాగానే పెరిగింది. మందు వద్దంది. ఇంత కక్కినా ఎలా పెరిగాడని అడిగాను. కక్కేది చూడటానికే ఎక్కువగా ఉంటుంది, లోపల ఉండేది ఉంటూనే ఉంటుంది అంది.

అప్పుడు అత్తయ్య ముందే అడిగాను. నా కోపం వల్ల వీడు కక్కుతున్నాడా?

డాక్టరమ్మ నా వంక, అత్తయ్య వంక చూసి, పాలకి అమ్మ కోపంగా ఉందో లేదో తెలియదు అంది. తాగగానే పడుకోబెడితే మాత్రం తెలుస్తుంది. ఫ్యాక్టరీలో ఎవరు ఎత్తుకుంటున్నారని అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. అయితే అది చూసుకోండి అంది. చూసుకోవాల్సింది నేనొక్కదాన్నే అన్నట్టు అనలేదు, ముగ్గురినీ చూసి అంది. చీటీ మీద రాసిమ్మన్నాను. రాసిచ్చింది.

బయటికొచ్చాం. బస్టాపులో అత్తయ్య వాడిని నా దగ్గర్నుంచి తీసుకుని భుజాన వేసుకున్నారు. నడుం వంచలేదు. మెడ కింద చెయ్యి సరిగ్గా పెట్టారు. ఎవరూ నేర్పలేదు.

"వీడి నాన్న కూడా ఇంతే" అన్నారు. "నడిచేదాకా కక్కాడు. నన్నూ ఇదే మాట అన్నారు. నాకేమో అసలు కోపమే రాదు."

అయితే నాకెందుకు చెప్పారని అడిగాను.

ఆలోచించారు. "నాకు చెప్పారుగా" అన్నారు.

మా ఆయన బస్సు వస్తుందేమోనని అటు చూస్తున్నాడు. బస్సు రావడానికి ఇంకా చాలా టైముంది.

ఇంటికొచ్చాక అత్తయ్య వాడిని దించలేదు. వంటింట్లో నిలబడే తేన్పు తెప్పించారు. నేను వేడిగా ఉన్న టీ తాగాను. నాలుగు నెలల్లో మొదటిసారి.

మా ఆయన, "సారీ" అన్నాడు. ఎందుకో చెప్పమన్నాను. "తల ఊపినందుకు" అన్నాడు. రాసుకున్నాను. ముగ్గురిలో ఒకరు అయ్యారు. అత్తయ్యది అయినట్టే.

మిగిలింది ఒకటి.

సాయంత్రం. స్టాప్‌వాచ్ రాసివ్వమన్నాడు కదా. ముందు ఇక్కడ రాసి, తర్వాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను. పైన మర్యాదగా ఏదైనా పెట్టమన్నాడు మా ఆయన. పెట్టను. విషయం ఉంది, అది చాలు.

*నా కొడుకు రోగి కాదు. డాక్టరు చీటీ జతచేశాను. వాడికి కావాల్సింది పాలు తాగాక భుజం మీద అరగంట. మీ రూలు ఇచ్చేది పావుగంట. అందులోనే పాలు, మెట్లు.*

*నాకు ఈ రెండింట్లో ఒకటి కావాలి. పొద్దున, మధ్యాహ్నం పాల విరామం ముప్పావుగంట చేయండి. లేదా ఆయమ్మకి తోడుగా ఇంకొక మనిషిని పెట్టండి, వాడిని ఎత్తుకునేలా. రెండోదే మేలు. మిగతా ఎనిమిది మందికీ భుజాలు కావాలి.*

*వాడిని మెషిన్ దగ్గరికి తెచ్చింది నేనే. అది తప్పు. మళ్ళీ జరగదు. దానికి నన్ను ఏమన్నా పడతాను. కాలర్ల గురించి మాత్రం కాదు. కాలర్లు నిన్న ఉతికాను, మరక పోయింది.*

*పదిహేడు నుంచి వాడిని తీసుకురావద్దన్నారు. పదిహేడున వాడు వస్తాడు.*

భోజనం గంటలో ఎక్కువ కాలర్లు కుడతానని కూడా రాయమన్నాడు మా ఆయన. రాయలేదు. కఫ్ అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. కింద తన పేరు కూడా పెట్టమంది. జేబు, గుండీలు కూడా పెడతారట. ముక్కల పేర్లు కాదు, అసలు పేర్లు. ముగ్గురి అసలు పేర్లూ నాకు సరిగా తెలియవని అప్పుడు గుర్తొచ్చింది. అడిగి రాసుకున్నాను.

ఇక నిర్ణయం.

రేపటి నుంచి మళ్ళీ మొదటి రోజు. ఈసారి వివరణలు లేవు. మనిషైనా మెషినైనా, మనసులోనైనా పైకైనా, కోపం లేదు. నవ్వుతూ వెళతాను, నవ్వుతూ కాగితం ఇస్తాను. అయితే రెండు వారాలంటే మరీ ఎక్కువని పోయినసారి తేలింది కాబట్టి గడువు తగ్గించాను. ఆ గడువే కాగితం చివర కూడా రాశాను:

*సోమవారం మధ్యాహ్నం టీ గంట కొట్టేదాకా నేను కోప్పడను. ఆ లోపు జవాబు ఇవ్వండి.*